‘ఇది రాయొద్దు తమ్మీ’ అంటే..?

మీరు స్పోర్ట్స్ రిపోర్టర్‌గా కొత్తగా చేరారనుకోండి. రంజీ మ్యాచ్‌కు ముందురోజు ఉప్పల్ స్టేడియంలో నెట్స్ అయిపోయాయి. జట్టు సిబ్బందిలో ఒకాయన బ్యాగు సర్దుతూ ‘ఆఫ్ ది రికార్డ్ తమ్మీ.. మన పేసర్ రేపు ఆడుతలేడు. తొడ కండరం పట్టేసింది’ అన్నాడు. వార్త మీ చేతిలో ఉంది. ఏం చేస్తారు?

నేను చదివింది ఇంజినీరింగ్, రాసేది టెక్ బ్లాగు. మొదట్లో ఇలాగే ఓ సీనియర్ రాయొద్దని చెప్పిన సంగతిని రాసేశా. పేరు పెట్టలేదు కదా అనుకున్నా. కానీ ఆ వివరం తెలిసింది నలుగురికే! రెండో రోజే ఆయన్ని ఆఫీసులో నిలదీశారు. ఆ తర్వాత ఆయన నా ఫోన్ ఎత్తలేదు. జట్టులో గాయం సంగతి మొదట తెలిసేదీ అలాంటి నలుగురికే: ఆటగాడు, ఫిజియో, కోచ్, కెప్టెన్.

ముందే తేల్చుకోండి

* ఆన్ రికార్డ్: పేరుతో సహా రాయొచ్చు.
* బ్యాక్‌గ్రౌండ్: సమాచారం వాడొచ్చు, పేరు రాయకూడదు. ‘జట్టు వర్గాలు’ అనాలా, ఇంకేమైనా అనాలా అన్నది కూడా ముందే అడగాలి.
* ఆఫ్ ది రికార్డ్: రాయకూడదు.

చిక్కేంటంటే, ఈ మాటలకు ఒక్కొక్కరు ఒక్కో అర్థం చెప్పుకుంటారు. అందుకే ‘పేరు లేకుండా రాయొచ్చా? అసలే రాయొద్దా?’ అని సూటిగా అడిగేయండి. అంతా చెప్పేశాక ‘ఇది రాయొద్దు’ అంటే ఒప్పుకొని తీరాలనేం లేదు. ఒప్పందమంటే ఇద్దరూ ముందు అనుకున్నదే. అయితే మైకు ముందు అలవాటు లేని పంతొమ్మిదేళ్ల కుర్రాడికి కాస్త వెసులుబాటు ఇవ్వండి. బోర్డు పెద్దలకు అంత అక్కర్లేదు.

వార్త వదులుకోవాలా?

అక్కర్లేదు. ‘దీన్ని పేరుతో ఎవరు చెప్పగలరు?’ అని ఆయన్నే అడగండి. నెట్స్‌లో పేసర్ బౌలింగ్ చేశాడో లేదో మీరే గమనించండి. ప్రెస్‌మీట్‌లో ఫిట్‌నెస్ గురించి ప్రశ్న వేయండి. మరొకరి దగ్గర ధ్రువీకరించుకునేటప్పుడు మాత్రం మొదట చెప్పిందెవరో పొక్కనివ్వొద్దు. సోర్స్ ఎవరని ఎడిటర్ అడగొచ్చు. ఆ సంగతి మాట ఇచ్చేముందే సోర్స్‌కు చెప్పాలి.

ఫోన్‌తో జాగ్రత్త

విన్నది ఫ్రెండ్స్ ఫ్యాంటసీ గ్రూపులో పెడితే పెద్ద తప్పే. బెట్టింగ్‌కు పనికొస్తుందని తెలిసీ ఆటగాళ్లు, సిబ్బంది లోపలి సమాచారం ఇవ్వడం ఐసీసీ అవినీతి నిరోధక నియమావళి ప్రకారం నేరం. మీ ఒక్క మెసేజ్‌తో సోర్స్ విచారణ ఎదుర్కోవాల్సి రావొచ్చు. సోర్స్ పేరును నోట్స్‌లో రాయకండి. చాట్ బ్యాకప్ ఎక్కడికి వెళ్తోందో సెట్టింగ్స్‌లో చూసుకోండి.

మీ మెసేజ్‌లూ రేపు బయటికి రావొచ్చు. 2022లో ఓ జర్నలిస్టు తనకు బెదిరింపు ధోరణిలో పంపిన వాట్సాప్ సందేశాలను వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహా ట్విటర్‌లో పెట్టాడు. బీసీసీఐ విచారణ జరిపి, ఆ జర్నలిస్టుపై రెండేళ్ల నిషేధం విధించింది.

చట్టం అండ ఎంత?

1978 ప్రెస్ కౌన్సిల్ చట్టంలోని సెక్షన్ 15(2) ప్రకారం, కౌన్సిల్ విచారణలో సోర్స్ పేరు చెప్పమని జర్నలిస్టును బలవంతపెట్టకూడదు. కోర్టులకు ఇది వర్తించదు. కాబట్టి నిలబెట్టుకోగలిగిన మాటే ఇవ్వండి.

ఉప్పల్ కథకొస్తే, పేసర్ ఆడట్లేదన్నది టాస్ వేళకి ఎలాగూ అందరికీ తెలుస్తుంది. ఆ ఒక్క పూట తొందరపడితే, సీజన్ మొత్తం మీతో మాట్లాడాల్సిన మనిషి దూరమవుతాడు. మీ కాలేజీ టోర్నీ నుంచే సాధన మొదలుపెట్టండి. కెప్టెన్‌తో మాట కలిపే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ‘అన్నా, ఇది రాసుకోవచ్చా?’