ప్లాస్టిక్ సీసా తయారగు విధము – ఖాళీ మందు డబ్బాల విషయమై హెచ్చరిక



మార్కాపురం, గిద్దలూరు ప్రాంతములలో మిరప, పత్తి, కంది వేయు రైతుల ఇండ్లలో రెండు రకముల ప్లాస్టిక్ సీసాలు తరచు కనబడును. అద్దము ప్రక్కన కొబ్బరినూనె సీసా ఒకటి. చూరు క్రింద ఖాళీ పురుగుమందు సీసా మరొకటి. మూత బిగువుగా నున్న గట్టి సీసాను పారవేయుటకు ఎవరికిని మనసొప్పదు. ఫ్లోరైడు బాధ గల ఈ మెట్టప్రాంతములో మంచినీళ్లు మోసి తెచ్చుకొనక తప్పదు గనుక, దానిని కడిగి చేనికి నీళ్లు తీసికొనిపోవువారు కలరు. ఇది ప్రాణముల మీదికి తెచ్చు పని. ఎందువలననో తెలియవలెనన్న, ఆ సీసా ఎట్లు తయారగునో చూడుడు.

తలనూనె, షాంపూ, పౌడరు సీసాలు, మందు డబ్బాలలో అనేకము ఒకే పద్ధతిలో తయారగును. ముడిసరుకు సాంద్రత హెచ్చుగా గల పాలిథీన్. దీనిని తక్కువ పీడనమున చేయు మార్గమును 1953లో జర్మనీలో కార్ల్ జీగ్లర్ కనుగొనెను. బియ్యపుగింజలంత పూసలుగా వచ్చు ఈ సరుకును వేడిగొట్టములో పోయగా, లోపల తిరుగు స్క్రూ దానిని ముందుకు నెట్టును. సుమారు 180 నుండి 220 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి అది ముద్దయి, జంతికల గొట్టములో పిండి దిగినట్లు క్రిందికి దిగును. అయితే ఇది లోపల బోలుగా, మెత్తని గొట్టమువలె నుండును. రెండు చెక్కల అచ్చు దానిని ఇరుప్రక్కల నుండి మూసి, అడుగును నొక్కి అతికించును. అంతట లోనికి గాలి ఊదుదురు. మెత్తని గొట్టము బుడగవలె ఉబ్బి అచ్చుగోడలకు అంటుకొనును. అచ్చులోని కాలువలలో చల్లని నీరు పారుచుండుటచే కొద్ది సెకండ్లలోనే గట్టిపడును. మిగులు ముక్కలను కత్తిరించి, పొడిచేసి మరల వాడుదురు. మీ యింటి నూనె సీసాను తిరగవేసిన అడుగున అడ్డగీత కనబడును. అచ్చు నొక్కిన గుర్తు అదియే.

ఇక అసలు సంగతి. పాలిథీన్ గాజువంటిది కాదు. నూనెలను, ద్రావకములను కొంత పీల్చుకొనును. పాత కొబ్బరినూనె సీసాను ఎన్నిసార్లు కడిగినను వాసన పోదు గదా! ఇ.సి. మందులలోని ద్రావకములు కూడ గోడలోనికి ఇట్లే దిగును. దీనిని తగ్గించుటకు కొన్ని డబ్బాలలో వేరు పొర వేయుదురు, లేదా ఫ్లోరిన్ పట్టింతురు. అది మందు కారిపోకుండుటకే గాని, తరువాత నీళ్లు త్రాగుటకు కాదు. పెద్ద క్యానుల పిడి కూడ బోలుగా నుండుటచే అందులో మందు నిలిచిపోవును.

మందు అయిన వెంటనే, ఎండకముందే, సీసాలో నాలుగవ వంతు నీరు పోసి, మూతపెట్టి, అరనిమిషము గిలకొట్టి ఆ నీటిని స్ప్రేయరులోనే పోయవలెను. ఇట్లు మూడుసార్లు చేయవలెను. ఇంత చేసినను సీసా ఇంటి వాడకమునకు పనికిరాదు. మరెవ్వరును వాడకుండ రంధ్రములు చేయుడు. ఖాళీ డబ్బాలను పగులగొట్టి ఇండ్లకు దూరముగా పాతిపెట్టవలెనని 1971 నాటి పురుగుమందుల నిబంధనలు చెప్పుచున్నవి. బావులకు, బోర్లకు, వాగులకు కూడ దూరముగా నుండవలెను. కాల్చరాదు, పొగ విషము. పాతసామాను కొనువారికి ఇచ్చినచో పొడియై, కరిగి, మరి యే సీసాగా తిరిగి వచ్చునో ఎవరు చెప్పగలరు?

చేనికి నీళ్లకు వేరు క్యాను కొని, మెడకు రంగుగుడ్డ కట్టి, మందుసామాను లేని చోట ఉంచుకొనుడు.