మావి హార్మోను, మూత్రాశయపు క్యాన్సరు

హైదరాబాదున నిమ్స్ ఆసుపత్రి నెలకొనిన పంజగుట్ట మొదలుకొని అమీర్‌పేట మీదుగా బేగంపేట వరకు అడుగడుగునను రక్తపరీక్షా కేంద్రములు వెలసియున్న ఈ కాలమున, మూత్రములో నెత్తురు చూచి భీతిల్లిన మనుష్యుడు కొంచెము రక్తమిచ్చినచో సాయంకాలమునకు క్యాన్సరు సంగతి తేలిపోవునని ఆశించుట సహజమే. ఆ ఆశ ఎంతవరకు సమంజసమో తెలియుటకు, గర్భిణుల దేహమున మావి స్రవించెడి హెచ్‌సీజీ అను హార్మోను చరిత్రను పరికింపవలసియున్నది.

1927-28 ప్రాంతమున బెర్లినులో ఆషైము, జోండెకు అను వైద్యులు గర్భిణుల మూత్రమున దీనిని గుర్తించి గర్భనిర్ధారణ పరీక్షకు పునాది వేసిరి. మావి కణములనుండి పుట్టెడి కోరియోకార్సినోమా అను దారుణమైన క్యాన్సరులోను ఇదే హార్మోను విస్తారముగా వెలువడును. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థ పరిశోధనలకు నాయకత్వము వహించిన కాలమున రూపొందిన మెథోట్రెక్సేటు అను మందును, 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు ఆ రోగమునకు ప్రయోగింపగా గడ్డలు కరగిపోయినవి. గడ్డలు కానరాకున్నను, మూత్రమున హార్మోను మిగిలియున్నంతవరకు రోగము మిగిలియున్నట్లేయని లీ పట్టుబట్టి చికిత్స కొనసాగించెను. ఆయన పట్టుదలయే సరియని కాలము నిరూపించినది.

మూత్రాశయమునకు మావితో సంబంధమేమని పాఠకులు అడుగవచ్చును. మావి కణములోనున్న జన్యువులే మూత్రాశయపు కణములోను కలవు. అయితే అచ్చట అవి అణగియుండును. క్యాన్సరు ముదిరి కండరపు పొరలోనికి చొచ్చినప్పుడు, లేక ఇతరాంగములకు వ్యాపించినప్పుడు, కొందరు రోగులలో ఆ కట్టుబాటు సడలి, హెచ్‌సీజీలోని ఆల్ఫా, బీటా గొలుసులలో బీటా గొలుసు మాత్రము విడిగా రక్తమున చేరును. 1972లో జూడిత్ వైటుకైటిస్, ఆమె సహచరులు బీటా గొలుసు ఆధారముగా ఈ హార్మోనును తత్సదృశమైన ఇతర హార్మోనులనుండి వేరుచేసి కొలుచు పరీక్షను ప్రకటించిరి. బీటా మట్టము హెచ్చిన రోగులలో వ్యాధి ఉగ్రముగా నుండుటయు, ఆ గొలుసు క్యాన్సరు కణముల మరణమును అడ్డుకొనుటయు తరువాతి పరిశోధకులు గమనించిరి. చికిత్సకు గడ్డ లొంగినచో ఆ మట్టము తగ్గును, తిరుగబెట్టినచో పెరుగును. మూత్రాశయపు క్యాన్సరునకు 1985లో వెలువడిన ఎం-వ్యాక్ అను నాలుగు మందుల కూర్పులో మొదటిది మెథోట్రెక్సేటే యగుట తెలుగువారికి గర్వకారణము.

అయినను ఈ హార్మోను రోగపు నడకను చెప్పునే గాని, రోగమును తొలుత పట్టియియ్యజాలదు. తొలిదశలో పెక్కుమందికి అది హెచ్చదు. వృషణముల కణితులలోను అది పెరుగవచ్చును. కనుక రక్తపరీక్షలో ఏమియు లేదని వచ్చినంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. సన్నని గొట్టముతో మూత్రాశయపు లోపలి భాగమును కన్నులార చూచు సిస్టోస్కోపీయు, అనుమానమున్న చోట ముక్క తీసి చేయు పరీక్షయు నేటికిని నిర్ధారణకు ఆధారములు. నొప్పి లేకుండ ఒక్కసారి నెత్తురు కనబడి ఆగిపోయినను, ముఖ్యముగా పొగత్రాగువారు, ఆలస్యము చేయక యూరాలజీ వైద్యుని సంప్రదింపవలెను. ఈ రోగమునకు ప్రధానకారణమైన పొగాకును ఆ దినముననే విడువవలెను.