హెల్సింకి నుండి టోకియోకు ఎంత దూరము?

గోడమీది పటమును నమ్మి విమానపు దారి గీచినవాడు పొరబడును. ఫిన్లండు రాజధాని హెల్సింకి విమానాశ్రయమునుండి టోకియోలోని నరితా విమానాశ్రయమునకు పటముపై గీత గీచినచో అది ఆగ్నేయముగా సాగును. శ్రోతలు ఒక గోళమును తెచ్చి ఆ రెండు చోట్ల నడుమ దారము బిగించి చూతురుగాక; అది ఉత్తర సైబీరియా మీదుగా వంగి పోవును. అదియే దగ్గరి దారి. సుమారు 7,800 కిలోమీటర్లు; తొమ్మిదిన్నర గంటల ప్రయాణము.

ఫిన్లండు విమానసంస్థ ఫిన్నేర్ తన ఆసియా వ్యాపారమునంతయు ఈ దగ్గరితనముపైననే నిలుపుకొన్నది. అయితే ఆ దారిలో అధికభాగము రష్యా ఆకాశము. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ పై రష్యా దండెత్తిన పిమ్మట ఐరోపా దేశములును రష్యాయును పరస్పరము ఆకాశద్వారములు మూసికొన్నవి. మార్చిలో ఫిన్నేర్ విమానము ఉత్తరధ్రువము మీదుగా చుట్టి టోకియో చేరినది. పట్టిన కాలము సుమారు 13 గంటలు. రెండు ఊళ్లును ఉన్నచోటనే ఉన్నవి; మూడున్నర గంటల ఇంధనము మాత్రము అదనముగా కాలినది. ధ్రువమును దాటిన ప్రయాణికులకు ధ్రువపత్రములు కూడ పంచిరి. మన భాషలో ఆ పేరు ఎంత చక్కగా అమరినదో!

ఈ దారి వారికి క్రొత్త కాదు. సోవియట్ ఆకాశమున ప్రవేశము లేని కాలమున, 1983లో, ఇదే సంస్థ ధ్రువము మీదుగానే ఎచ్చటను ఆగక టోకియోకు విమానము నడిపినది. అప్పుడును 13 గంటలే పట్టెడిది.