లంగరు త్రాడు

గణపవరమునకు పడమరగా పోయినకొలది నేల పల్లమై, తుదకు కొల్లేటి సరస్సును చేరును. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఈ సరస్సులోనికి బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి వచ్చి కలియును. ఇందలి నీరు ఉప్పుటేరు ద్వారా బంగాళాఖాతమునకు పోవును. ఈ సీమలో పడవను నిలుపు విధము నీటి తీరునుబట్టి మారును.

1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి కాలువలలో సరకుల పడవలు విరివిగా నడచెను. కాలువలో పడవను గట్టున పాతిన గూటమునకు కట్టిన చాలును. కొల్లేరు లోతు తక్కువ గల సరస్సు. అచ్చట వెదురుగడను బురదలో గ్రుచ్చి దోనెను దానికి కట్టవచ్చును. ఉప్పుటేటి మాట వేరు. వరదనాడు ఏటివడి పడవను దిగువకు లాగును. సముద్రపు పోటు ఎగువకు త్రోయును. గట్టు దూరమై, గడ అందనిచోట పడవకు లంగరే దిక్కు.

లంగరు తన బరువుచేతనే పడవను ఆపునని పలువురు తలతురు. నిజమునకు దాని కొక్కెము నేలలో దిగబడి పట్టుకొనును. త్రాడు నిట్టనిలువుగా నున్నచో పడవ ఊగినప్పుడెల్ల కొక్కెము పైకి లేచి ఊడును. త్రాడు ఏటవాలుగా నున్నచో లాగినకొలది కొక్కెము లోతునకు దిగును. కావున లోతునకు అయిదు మొదలు ఏడు రెట్లు త్రాడు విడువవలెను. నీరు 2 మీటర్లు, నీటిపై పడవ ముందుకొన ఎత్తు అర మీటరు అయినచో మొత్తము రెండున్నర. ఏడు రెట్లకు 17.5 మీటర్ల త్రాడు కావలెను.

లంగరునకును త్రాటికిని నడుమ, పడవ పొడవంత ఇనుపగొలుసు ఉండుట మేలు. గొలుసు తన బరువుచే నేలనంటి లంగరు లాగుడును అడ్డముగా ఉంచును; రాళ్ల ఒరపిడికి తెగదు. వాటిని కలుపు కడియపు మర వదులుకాకుండ తీగతో బిగింపవలెను. నైలాను త్రాడు కొంత సాగి అలల కుదుపును ఓర్చును. త్రాటిని పడవ ముందుకొనకే కట్టవలెను. వెనుక కట్టినచో అలలు లోనికి పొరలి పడవ మునుగవచ్చును.

ఇంత చేసియు త్రాడు చిక్కుపడి యున్నచో ఫలము లేదు. గాలి లేచి, ఇంజను ఆగిన వేళ చిక్కు విప్పుటకు వ్యవధి యుండదు. కావున త్రాటి చివరను ముందుగా పడవకు గట్టిగా కట్టవలెను. అది మరచినచో లంగరుతోపాటు త్రాడును ఏటిపాలగును. పిదప అడుగున రంధ్రములు గల తొట్టిలో, ఆ చివరనుండి మొదలిడి త్రాటిని మడతలు మడతలుగా జారవిడువవలెను. దానిపై గొలుసు, గొలుసుపై లంగరు ఉంచవలెను. అట్లు చేసినచో చివర లోనికి పోయినది మొదట వెలికి వచ్చును. నడుమ ఎక్కడను తగులుకొనదు. లంగరును విసరివేయక మెల్లగా దింపవలెను. పరుగెత్తు త్రాటి మడతలలో కాలు పెట్టరాదు.

ఉప్పునీట వాడిన త్రాటిని, గొలుసును మంచినీటితో కడిగి నీడన ఆరబెట్టవలెను. తడి గొలుసు త్రుప్పుపట్టును. ఎండలో పడియున్న నైలాను బలము తగ్గును. ఒరసిన పోగులు కనబడినచో ఆ భాగమును తొలగింపవలెను.

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొనుట వృథా. పడవవాని ప్రాణమును కాచునది ఆపదవేళ చూపు తొందర కాదు. ఒడ్డున తీరికవేళ త్రాటిని సరిచేసి యుంచిన శ్రద్ధయే.