ఎఱ్ఱని చమురుబొట్టు

అమెరికా దేశమున అర్ధశతాబ్ది దాటిన కార్లను కన్నబిడ్డలవలె కాపాడుకొనువారు వేలకొలది కలరు. వారిలో ఎవరైనను ఒక ఉదయమున షెడ్డు తలుపు తెఱచి, 1970 నాటి తమ షెవ్రొలెట్టును బయటికి తీసి, అది నిలిచియుండిన చోట సిమెంటు నేలపై అరచేతి వెడల్పున పరచుకొన్న ఎఱ్ఱని జిడ్డుమరకను చూచిరనుకొందము. ఇంజను నూనె యైనచో నల్లగనో గోధుమవన్నెగనో ఉండవలెను. పెట్రోలైనచో తెల్లవాఱునప్పటికే ఆవిరియై పోవలెను. ఈ ఎఱ్ఱదనము చమురునకు సహజముగ వచ్చినది కాదు. ఇంజను నూనెతో పొరపాటు పడకుండుటకై తయారీలోనే అందు కలిపిన రంగు అది. అట్టి ఎఱ్ఱని చమురుతో నడచు భాగములు ఆ కారులో ప్రధానముగ రెండు: ముందు చక్రముల సమీపమున స్టీరింగుపంపు, కూర్చుండు సీట్ల క్రిందుగ తనంతట తాను గేర్లు మార్చుకొను గేరుబాక్సు. మరక ముందు చక్రములకు వెనుకగా, కారు నడిమికి వచ్చినచో మన దృష్టి రెండవదానిపై నిలుపవలెను.

ఆ గేరుబాక్సునందు చమురు చేయు పని ఎఱుగనిదే దాని కాఱుటను గూర్చి మాటలాడుట వ్యర్థము. సాధారణమైన గేరుబాక్సులో నూనె పండ్లచక్రములు అరగకుండ కాపాడును. అంతకుమించి దాని పని లేదు. ఇందో, చమురే యంత్రము. ఇంజనుకు తగిలించిన ఱెక్కల గిన్నె ఒకటి తిరుగుచు చమురును విసరికొట్టగా, దాని కెదురుగ నున్న మఱియొక ఱెక్కల గిన్నె ఆ వేగముచేత తిరుగును; రెంటికిని ఇనుప సంబంధ మేదియు లేదు. ఆ చమురే పంపుచేత ఒత్తిడి నొంది సన్నని దారులలో ప్రవహించి క్లచ్చీలను బిగించును, సడలించును. ఏ వేళ ఏ గేరు పడవలెనో నిర్ణయించు కవాటములను కదల్చును. చివరకు, రాపిడివలన పుట్టిన వేడిమిని మోసికొనిపోయి రేడియేటరులో విడిచి, చల్లబడి మరల వచ్చును. కావుననే ఒకటి రెండు లీటర్లు తరిగినంతనే పంపు గాలిని పీల్చుటకు మొదలిడును, చమురు నురుగగును, నురుగునకు ఒత్తిడి నిలుపు శక్తి లేనందున క్లచ్చీలు జారి జారి మాడిపోవును. నేలపై పడిన బొట్టు చిన్నదని ఉపేక్షించినవారు పెద్ద మూల్యము చెల్లించుట ఇందువలననే.

చమురు ప్రవాహముచేత శక్తిని చేరవేయవచ్చునను ఆలోచన కారుల కొఱకు పుట్టినది కాదు. 1905లో హెర్మాన్ ఫొట్టింగర్ అను జర్మను ఇంజనీరు, ఓడల ఆవిరి టర్బైనుల అతివేగమునకును, నీటిలో మెల్లగ తిరుగవలసిన ప్రొపెల్లరునకును నడుమ పొత్తు కుదుర్చుటకై దీనిని కల్పించి పేటెంటు పొందెను. అది నేలపైకి వచ్చి సామాన్యుని కారులో చేరుటకు మూడు దశాబ్దములకు పైగా పట్టినది. జనరల్ మోటార్స్ సంస్థలో ఎర్ల్ థాంప్సన్ నాయకత్వమున రూపొందిన హైడ్రామాటిక్ గేరుబాక్సు 1939లో ప్రకటింపబడి, 1940 నమూనా ఓల్డ్స్‌మొబీల్ కార్లతో జనుల చేతికి వచ్చెను. రెండవ ప్రపంచయుద్ధమున అదే యంత్రము ఎం-5 స్టువార్టు మొదలైన తేలిక టాంకులలోను పనిచేసినది.

దీని చరిత్రలో ఒక దుర్దినము కలదు. 1953 ఆగస్టు 12వ తేదీన మిచిగన్ రాష్ట్రమున లివోనియాలో నున్న హైడ్రామాటిక్ కర్మాగారమున, పైకప్పు దగ్గర గ్యాసుమంటతో ఇనుము కోయుచుండగా ఎగిరిన నిప్పురవ్వలు, పరికరములను మోయు గొలుసు క్రింద కాఱుడు ద్రవమును పట్టుటకై అమర్చిన పళ్లెములో పడెను. ఆ పళ్లెములోని ద్రవ మంటుకొనగా, విశాలమైన ఆ కట్టడ మొక్క మధ్యాహ్నములో నేలమట్టమాయెను; ప్రాణనష్టమును జరిగెను. కాఱిన బొట్టును పట్టి నిలువచేయుట మరమ్మతు కాదని నేను తలచినపుడెల్ల ఆ పళ్లెమే నాకు గుర్తునకు వచ్చును.

చమురునకును దాని చరిత్ర దానికి కలదు. 1949లో జనరల్ మోటార్స్ దీనికి టైప్ ఏ అను మొదటి ప్రమాణమును ఏర్పఱచినది. 1960ల దశకము చివర దాని సంతతియే డెక్స్రాన్ అను పేర వచ్చినది. ఆ కాలపు చమురులో స్పెర్ము తిమింగిలపు నూనె పాలుండెడిది. క్లచ్చీ పలకలు కుదుపు లేక మెత్తగ పట్టుకొనుటకు అంతకు మించిన పదార్థము అప్పటికి లేదు. 1970 మొదలుకొని అమెరికా చట్టములు తిమింగిలములకు రక్షణ కల్పింపగా, రసాయనికులు ఆ గుణమును వేఱు పదార్థములనుండి సాధింపవలసివచ్చెను. అంత మూగజీవుల నెత్తురు ఇందుకై కాఱెనని తలచినపుడు మనసు చివుక్కుమనును.

ఇక మన కథకు అసలు నాయకుడు ఆయిల్ సీలు. షాఫ్టు తిరుగుచు గేరుబాక్సు గోడను దాటి బయటికి రావలెను. దానివెంట చమురు రాకూడదు. ఈ చిక్కును తొలినాళ్లలో తోలే తీర్చెను. మా చిన్ననాట సైకిలు పంపులో గాలి నిలువకపోయిన, విప్పి లోపలి తోలువాషరుకు కొబ్బరినూనె రాచి అంచులు విచ్చదీసి మరల బిగించెడివారము. అంతట పంపు ప్రాణము లేచివచ్చెడిది. తొలినాటి కార్ల సీళ్లును ఆ జాతివే. జర్మనీలో వైన్‌హైమ్ పట్టణమున 1849లో స్థాపింపబడిన ఫ్రాయిడెన్‌బెర్గ్ తోళ్లకార్ఖానా, 1929 నాటి ఆర్థిక సంక్షోభమున చెప్పులతోలు గిరాకి పడిపోగా, యంత్రములకు తోలుసీళ్లు చేయ నారంభించెను. వాల్టర్ సిమ్మర్ అను ఇంజనీరు ఆ తోలుపెదవిని లోహపు గూటిలో అమర్చి, చుట్టును సన్నని స్ప్రింగుతో షాఫ్టునకు అదుముకొనునట్లు చేసెను. అతని పేరిట అది నేటికిని ఐరోపాలో సిమ్మర్‌రింగ్ అని పిలువబడుచున్నది. 1930ల దశకము నడుమ, నూనెకు చెడని కృత్రిమ రబ్బరు వచ్చి తోలు స్థానము నాక్రమించెను.

ఈ రబ్బరుపెదవి షాఫ్టును గట్టిగ పట్టుకొని చమురు నాపునని అందఱును అనుకొందురు. 1957లో ఇ. టి. జాగర్ అను బ్రిటిషు పరిశోధకుడు ఆ అభిప్రాయమును తారుమారు చేసెను. మంచి సీలు పెదవికిని షాఫ్టునకును నడుమ, వెంట్రుకకంటె ఎంతయో పలుచనైన చమురుపొర ఎల్లప్పుడు ఉండుననియు, రబ్బరు ఆ పొరపైననే తేలుచుండుననియు అతడు చూపెను. పెదవి అంచునందలి సూక్ష్మమైన గరుకుదనము తిరుగుడువలన బయటికి రాదలచిన చమురును లోనికే తోయుచుండునని తరువాతి వారు తెలిసికొనిరి. అనగా సీలు అడ్డుగోడ కాదు, అతిచిన్న పంపు. ఈ ఒక్క సత్యము తెలిసిన చాలును, ముసలి కారు ఏల కాఱునో తనంతట బోధపడును: ఏండ్ల వేడిమికి రబ్బరు గట్టిపడి బీటలు వాఱినచో ఆ సూక్ష్మమైన కదలిక నశించును, షాఫ్టుపై పెదవి తాకు చోట గాడి పడినచో పొర చెదరును, షాఫ్టును మోయు బుష్షు అరిగి షాఫ్టు ఊగులాడినచో పెదవి దానిని అనుసరింపలేదు.

మన షెవ్రొలెట్టులో నున్నది 1969 నమూనా సంవత్సరమున వచ్చిన టర్బో హైడ్రామాటిక్ 350 అనుకొందము. అది మూడు గేర్లది, మిక్కిలి దృఢమైనది. దాని క్రింద పండుకొని చూచువానికి గేరుబాక్సు పొట్టయంతయు ఎఱ్ఱగ తడిసియుండుటయే కానవచ్చును. కాఱు చోటు ఒకటి, కనబడు చోటు వేఱొకటి. కారు పరుగెత్తునపుడు క్రిందిగాలి చమురును వెనుకకు తోయును, నేలకు దిగుట దాని స్వభావము. కావున తడిలో అన్నిటికంటె ఎత్తుగను, అన్నిటికంటె ముందుకును ఉన్న బిందువే అపరాధి స్థానము. దానిని కనుగొనుటకు ముందు చేయవలసినది మరమ్మతు కాదు, శుభ్రము చేయుట. ఏండ్ల మురికిని డీజిలుతోనో సబ్బునీటితోనో కడిగి, తుడిచి, ఆరబెట్టి, అనుమానపు చోట్ల పలుచగ ముఖపు పౌడరు చల్లి, పది మైళ్లు నడిపి వచ్చి చూచినచో, తెల్లని పొడిపై ఎఱ్ఱని గీత తనంతట జాడ చెప్పును. ఇంత సులభమైన ఉపాయమును వదలి, కనబడిన గాస్కెట్టునెల్ల మార్చుచు పోవువారిని చూచిన నాకు బాధ కలుగును.

ఇంజనును గేరుబాక్సును కలియు గంటవంటి గూటినుండి కాఱినపుడు రెండు అనుమానములు: ఇంజను వెనుక సీలు, గేరుబాక్సు ముందు సీలు. ఒక బొట్టును తెల్లకాగితముపై పట్టి వెలుతురున చూచినచో చాలవఱకు తెలియును; పాతబడిన చమురు ఎఱ్ఱదనము తగ్గి గోధుమరంగునకు దిగినను, మాడనంతవఱకు ఇంజను నూనె నలుపు దానికి రాదు. మాడిన వాసన కొట్టినచో మాత్రము సీలును గూర్చి కాదు, క్లచ్చీలను గూర్చి విచారింపవలెను.

నెలలతరబడి కదలక నిలిచిన కారు కాఱుటలో మఱియొక మర్మము కలదు. ఱెక్కల గిన్నెలలోని చమురు మెల్లమెల్లగ క్రింది పళ్లెములోనికి దిగివచ్చి, అక్కడి మట్టము ఎన్నడును లేనంత ఎత్తునకు పెరిగి, గేరుమీట కడ్డీ సీలును మునుగునట్లు చేయును. నడుచునపుడు పొడిగ నుండు ఆ సీలు నిలిచినపుడు కాఱును. అట్టి కారునకు వారమున కొకపర్యాయము ఇంజను నడుపుటయే సగము వైద్యము.

ఇంతకంటె వింతయైనది, నేలపై ఒక్క బొట్టును పడక చమురు తరుగుట. ఈ గేరుబాక్సునకు ఇంజను పీల్పుతో పనిచేయు చిన్న డబ్బా యొకటి కలదు; మాడ్యులేటరందురు. దానిలోని పలుచని పొర చిరిగినచో ఇంజను దాని రబ్బరుగొట్టము గుండ చమురును పీల్చి కాల్చివేయును, వెనుకనుండి తెల్లని పొగ వచ్చును. ఆ గొట్టమును ఊడదీసి చూడగా లోపల చమురు తడి యున్నచో నిర్ణయము పూర్తియైనట్లే. రేడియేటరులోని చల్లబఱచు గొట్టము చిల్లిపడుట అన్నిటిలోను భయంకరము: నీరును చమురును కలిసి గులాబిరంగు మజ్జిగవలె చిక్కనగును, నీరు తగిలిన క్లచ్చీ పలకల అతుకు ఊడును. అట్టిచో ఒక్క గంటయు నడుపరాదు.

మరమ్మతులలో సులభమని తోచి చెడగొట్టుట కనువైనది పళ్లెపు గాస్కెట్టు. పదుమూడు బోల్టులు, కాఱుచున్నదని ఎవరో ఒకరు వానిని ఇంకను బిగించియుందురు, దానివలన బోల్టుచుట్టు రేకు గుంటపడి నడిమి భాగము పైకి లేచియుండును. పళ్లెమును తలక్రిందుచేసి చెక్కపై నిలిపి, ఆ గుంటలను చిన్నసుత్తితో చదును చేయనిదే ఎంతటి గాస్కెట్టును నిలువదు. బిగింపు సుమారు 12 అడుగు-పౌనులు చాలును, అదియు ఎదురెదురు బోల్టులను కొంచెము కొంచెముగ. వెనుక సీలు మార్చుటకు కార్డాను కడ్డీని జార్చిన చాలు. ముందు సీలునకు గేరుబాక్సునే దింపవలెను. అంత శ్రమపడి దింపినవారు బుష్షును పరీక్షింపక వట్టి సీలు మార్చి ఎక్కించుట కంటె పెద్ద పొరపాటు లేదు. గాడిపడిన షాఫ్టునకు పలుచని ఉక్కుతొడుగు తొడుగవచ్చును, లేదా క్రొత్త సీలును నూలుపోగంత లోతుగ నిలిపి పెదవికి క్రొత్తచోటు చూపవచ్చును. గేరుబాక్సు ఊపిరిగొట్టము మూసికొనిపోయిన, లోపలి ఒత్తిడి క్రొత్త సీళ్లనుకూడ నెట్టివేయును. దానిని ఊది చూచుట మఱువరాదు. అంగడిలో సీసాలతో అమ్ము కాఱుడుమందు గట్టిపడిన రబ్బరును ఉబ్బించి కొంతకాలము ఆపును. అది చిరిగిన పెదవిని కుట్టలేదు, గాడిని పూడ్చలేదు.

క్రొత్త సీలు పెదవికి ఎఱ్ఱని చమురు రాచియే తొడుగవలెను; పొడిపెదవి మొదటి నిమిషములోనే కాలి గట్టిపడును. చమురు పోసి, సమతలమున నిలిపి, ఇంజను వెచ్చబడి నడుచుచుండగా పుల్లతో మట్టము చూచి, అప్పటికిని క్రింద ఒకటి రెండు బొట్లు పడినచో తొందరపడి విప్పరాదు. గూటి మూలలలోను బోల్టు సందులలోను దాగిన పాత చమురు రెండు మూడు దినములు మెల్లగ దిగుచుండును. ప్రతిదినము తుడిచి, ఆ చోటనే మరల తడి పుట్టుచున్నదా లేదా అని చూడవలెను.