మీకు తెలుసా? పాత గిటారు ప్లాస్టిక్‌కు పత్తి చుట్టరికం

సూర్యాపేట, కోదాడ చేలల్లో పండే పత్తికీ, 1950ల నాటి అమెరికన్ ఎలక్ట్రిక్ గిటారుకూ దూరపు చుట్టరికం ఉంది. సేత్ లవర్ రూపొందించగా గిబ్సన్ కంపెనీ 1957లో తన గిటార్లకు బిగించిన 'హంబకర్' పికప్‌లలో (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాలు), రాగి తీగ చుట్టే బాబిన్‌లను బ్యూటిరేట్ ప్లాస్టిక్‌తో అచ్చుపోసేవారు. ఆ ప్లాస్టిక్‌కు మూలం సెల్యులోజ్. దాన్ని కలప గుజ్జు నుంచి తీయొచ్చు, పత్తి గింజను అంటిపెట్టుకున్న పొట్టి నూగు నుంచీ తీయొచ్చు.

ఒక్కో బాబిన్‌పై వెంట్రుకంత సన్నని రాగి తీగ దాదాపు 5,000 చుట్లు తిరుగుతుంది. నల్ల ప్లాస్టిక్ దొరకనప్పుడు మీగడ రంగుది వాడేశారు. లోహపు మూత కింద ఎవరు చూస్తారు గనక! తర్వాత వాద్యకారులు మూతలు ఊడదీసేసరికి, ఒకటి నలుపు, ఒకటి మీగడ రంగు ఉన్న 'జీబ్రా' జతకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది.

ఇప్పుడు ఆ పాత పికప్‌లకు నకళ్లు చేసేవాళ్లు బాబిన్ మీది చిన్న చదరపు కంతను, గుండ్రటి గీతను కూడా వదలకుండా అచ్చులో దించుతారు. బ్యూటిరేట్‌నే వాడితే ఒక తిరకాసు ఉంది. పికప్‌ను కరిగిన మైనంలో ముంచేటప్పుడు వేడి మించితే బాబిన్ వంకరపోతుంది. పైగా ముక్కిన వెన్న వాసన! ప్లాస్టిక్ మారితే నాదం మారుతుందంటే మాత్రం నాకు నమ్మకం లేదు. నాదాన్ని తేల్చేవి ప్రధానంగా అయస్కాంతం, తీగ చుట్లే.

పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌పై కర్ణాటక గమకాలు పలికించింది కూడా ఈ అయస్కాంతం, రాగి చుట్ట సూత్రంతోనే.