తెలుగు తరగతియు అంతర్జాల ప్రకటనమును

విద్యార్థి వ్రాసిన వ్యాసమునకు సాధారణముగా ఒక్కడే పాఠకుడు. ఆ యొక్కడును జీతము పుచ్చుకొని చదువు ఉపాధ్యాయుడు. అతడు ఎఱ్ఱసిరాతో దిద్ది మార్కులు వేసిన పిమ్మట ఆ కాగితములు కట్టగా గట్టబడి కళాశాల బీరువాలో చేరును. పిదప వానిని విప్పవలసిన యవసర మెవ్వరికిని కలుగదు. తన వ్రాత నెవ్వరును చదువరని యెఱిగిన విద్యార్థి తప్పులను గూర్చి జాగ్రత్తపడకుండుటలో వింత లేదు. వ్యాసరచనమున మనము చూచుచున్న అలసత్వమునకు భాషాజ్ఞానలోప మొక కారణమైనచో, పాఠకుడు లేకపోవుట రెండవ కారణము. ఈ రెండవ లోపమును తొలగించుటకు అంతర్జాలమున ప్రకటించు పద్ధతి యెంతవఱకు పనికివచ్చునో, దానివలన వచ్చు చిక్కు లెవ్వియో ఈ వ్యాసమున పరిశీలింపబడుచున్నవి.

ఈ పరిశీలనమునకు వాకాడులోని బోధనానుభవము ఆధారము. సముద్రమునకు కొలదిదూరమున, స్వర్ణముఖి యొడ్డున నున్న యీ యూరు 2022 ఏప్రిలు వఱకు నెల్లూరుజిల్లాలోనిది; ఇప్పుడు తిరుపతిజిల్లాలోనిది. మా విద్యార్థులలో పలువురు వరిపొలములపైనను, రొయ్యల చెరువులపైనను, సముద్రపు వేటపైనను బ్రతుకు కుటుంబములవారు. పెద్ద గ్రంథాలయము చూడవలెనన్న నెల్లూరికో తిరుపతికో పోవలయును. చేతిలో మాత్రము ఫోను కలదు. కావున ఖరీదగు పరికరములు లేకుండ ఏమి సాధ్యమగునో యనునదే ఇచటి ప్రశ్న.

పరిష్కరణము ద్వారా భాష నేర్చుకొనుట మనకు క్రొత్త గాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌను తెలుగు నేర్చిన మార్గమిదియే. ఆయన తాళపత్రప్రతులను సేకరించి, పండితులను నియమించి, ప్రతిని ప్రతితో పోల్చి చూపించి, పాఠభేదములను గుర్తింపజేసెను. 1829లో ప్రకటింపబడిన వేమన పద్యములును, 1852లో వెలువడిన నిఘంటువును ఆ శ్రమయొక్క ఫలములే. ఆ పనిలో ముగ్గురు మనుష్యులు కనబడుదురు: వ్రాయువాడు, దిద్దువాడు, సరిచూచువాడు. నేటి తరగతిలో ఈ మూడు పాత్రలను విద్యార్థులకే యొప్పగింపవచ్చునని నా యభిప్రాయము.

దీనికి ముందుగా లిపి యంత్రమున నెట్లు నిలుచునో విద్యార్థి యెఱుగవలయును. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పులోనే తెలుగునకు చోటు లభించినది. భారతీయ ప్రమాణమగు ఇస్కీ యేర్పాటు ననుసరించి మన లిపికి 128 స్థానములు కేటాయింపబడెను. ఇందు అక్షరము యొక్క ఆకారము గాక వర్ణక్రమము దాచబడును. కంటికి ఒక్క యక్షరమై కనబడు ‘స్త్రీ’ యంత్రమునకు ఆఱు సంకేతములు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, గుడిదీర్ఘము. వానిని కూర్చి ఒత్తులను క్రింద దిద్దుట ఖతి చేయు పని. వ్యాకరణమున సంయుక్తాక్షరమును విడదీయుట నేర్చినవానికి ఈ సంగతి సులభముగా బోధపడును. బడిపలకపై వర్ణమాల చివర కూర్చుండు క్షకారము నిఘంటువున కకారముక్రిందికి ఏల వచ్చుననునది, నేను నల్లబల్లపై పలుమాఱులు చెప్పినను పట్టువడనిది, మీటలు నొక్కి వ్రాసిననాడు మా విద్యార్థులకు పట్టువడినది.

యూనికోడునకు ముందు వాడుకలోనికి వచ్చిన ముద్రణాలయపు ఖతుల సంగతి వేఱు. అవి ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు లిపి తునకల నుంచినవి. తలకట్టు ఒకచోట, కొమ్ము ఒకచోట, ఒత్తు మఱియొకచోట. ఆ ఖతి లేని యంత్రమున ఆ పుట అర్థములేని ఆంగ్లాక్షరముల కుప్ప యగును. కాగితముపై అచ్చొత్తుటకు ఈ పద్ధతి చాలును, వెదకుటకు చాలదు. ఇది పరిశోధకులకు చిన్న విషయము గాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2009 నాటి నిబంధనలలో సిద్ధాంతగ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతుల సమర్పణమును విధించినది. అవి శోధగంగ యను భాండాగారమున చేరుచున్నవి. కాని పాత ఖతిలో కూర్చబడిన గ్రంథము భాండాగారమున నున్నను, అందలి మాటను తెలుగులో వ్రాసి వెదకినవానికి దొరకదు. ఐదేండ్ల శ్రమ అచట నుండియు లేనట్లే యగును. ఇట్టి పాఠమును యూనికోడునకు మార్చుటకు సాధనములు కలవు. వెన్న నాగార్జునగారు రూపొందించిన ‘పద్మ’ వానిలో ముందుగా పేర్కొనదగినది. అయినను మొదటినుండియు యూనికోడులో వ్రాయుటయే మేలని పరిశోధకవిద్యార్థులకు నా మనవి.

ఇక తరగతిలోని పని. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో పైని చెప్పిన నాగార్జునగారిచే ప్రారంభింపబడినది. పాతగ్రంథముల పాఠములను నిలుపు తెలుగు వికీసోర్సు 2005లో మొదలైనది. రెంటిలో తెలుగు తరగతికి వికీసోర్సు ఎక్కువ యనుకూలమని నేను తలచుచున్నాను. అందు అచ్చుపుస్తకపు పుటయొక్క చిత్రము ఒకవైపున, యంత్రము చదివియిచ్చిన పాఠము రెండవవైపున కనబడును. విద్యార్థి ఈ రెంటిని పోల్చి పాఠమును దిద్దవలయును. దిద్దకమునుపు పుట ఎఱుపు గుర్తు కలిగియుండును. ఒకరు దిద్దిన పిమ్మట పసుపగును. వేఱొకరు సరిచూచి యొప్పుకొనినచో ఆకుపచ్చయగును. దిద్దినవారే సరిచూచుటకు వీలులేదు. బ్రౌను పండితుల నాటి క్రమమే ఇచట యంత్రనియమమై నిలిచినది.

యంత్రము చదువుటలో ప-వలను, న-సలను, థ-ధలను తారుమాఱు చేయును. అరసున్నను విడిచివేయును. శకటరేఫమును సాధురేఫముగా జేయును. ఈ తప్పులే మంచి పాఠములు. ‘ఏఁడు’ సంవత్సరము, ‘ఏడు’ సంఖ్య. ‘అరుగు’ వెళ్ళుట; ‘అఱుగు’ జీర్ణమగుట. పరీక్షకొఱకు కంఠస్థము చేసి మఱునాడు మఱచు నీ భేదములు, పుటను దిద్దునప్పుడు అర్థనిర్ణయమునకు అవసరములై మనస్సున నిలుచును. సందేహము కలిగినచో శబ్దరత్నాకరము మొదలగు నిఘంటువులను ఆంధ్రభారతిలో ఫోనుపైననే వెదకి చూడవచ్చును.

మా తరగతిలో నొక విద్యార్థి పాతపుస్తకములోని ‘చేసినాఁడు’ వంటి రూపముల నన్నిటిని ‘చేశాడు’ అని మార్చెను. తప్పులు దిద్దితినని యతని సంతోషము. సరిచూడ వచ్చిన విద్యార్థిని దాని నొప్పుకొనలేదు. గ్రంథకర్త వ్రాసినదానిని మార్చుటకు మన కధికారము కలదా యని ఇరువురును గంటసేపు వాదించిరి. పరిష్కర్త యేది దిద్దవచ్చును, ఏది దిద్దరాదు, అచ్చుతప్పునకును పాఠభేదమునకును తేడా యెట్లు తెలియును అను ప్రశ్నలు వారి నోటనే వచ్చినవి. ఆ పాఠమును నేను ఉపన్యాసముగా జెప్పియుండినచో ఆ గంటలో సగముమంది నిద్రించియుందురు.

వికీపీడియాలో వ్యాసము వ్రాయించుట ఇంతకంటె కష్టము. మా మండలమునందలి దుగరాజపట్నమును గూర్చి వ్రాయుమనగా, ‘భారతదేశమున ఆంగ్లేయుల మొదటి స్థావర మిదియే’ అను వాక్యముతో నొక విద్యార్థి ఆరంభించెను. ఆధార మడుగగా నాలుగు పుటలను చూపెను. నాలుగింటను ఒకే వాక్యము, అవే విరామచిహ్నములు. ఒకదానినుండి ఒకటి ఎత్తుకొన్నవని స్పష్టము. నిజమునకు ఈస్టిండియా కంపెనీవారు 1611లోనే మచిలీపట్నమున వర్తకస్థానము నేర్పఱచుకొనిరి. వారు ఆర్మగాన్ అని పిలిచిన దుగరాజపట్నమునకు 1626లో వచ్చిరి. ఇచటి యధికారి ఫ్రాన్సిస్ డే 1639లో మదరాసు స్థలమును సంపాదించుటతో వారి దృష్టి దక్షిణమునకు మరలినది. ‘మొదటిది’ అను మాట పోయినందులకు మా విద్యార్థి చిన్నబుచ్చుకొనెను. కాని మదరాసు పుట్టుకకు ముందటి మెట్టు తన యూరి ప్రక్కనే యున్నదని తెలిసికొనుట తక్కువ సంగతి గాదు. ఊరిపై మమకారము ఆధారమునకు బదులు కాజాలదని ఆనాడు తరగతి యంతయు గ్రహించినది.

ఇచట నొక హద్దును గుర్తింపవలయును. వికీపీడియా ముందే ప్రకటింపబడిన ఆధారములపై నిలుచునది. స్వీయపరిశోధనమునకు అందు తావు లేదు. మత్స్యకార పల్లెలలో మా విద్యార్థులు విని వ్రాసికొను వలల పేరులు, గాలుల పేరులు, చేపల పేరులు అందు నేరుగా చేర్పదగవు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు మొదటి సంపుటము వ్యవసాయపదములకు చూపిన మార్గమును ఇట్టి సేకరణము లనుసరింపవలయును. ఏ యూర, ఏ తేదిని, ఏ వృత్తివారి నోట విన్నదో గుర్తించి, చెప్పినవారి సమ్మతి గొని, శాఖవారు తమ సొంత అంతర్జాలపుటలో ప్రకటింపవచ్చును. పదముతోపాటు ఉచ్చారణమును గూడ వినిపింపగలుగుట ఈ సాధనముయొక్క విశేషము. దంత్యములగు చ-జలకు ౘ, ౙ అను లిపులు 2008లో యూనికోడున చేరినవి గనుక వ్రాతలోను ఆ భేదమును చూపవచ్చును.

ప్రకటించుటకు పూర్వము హక్కుల సంగతి తెలియవలయును. 1957 నాటి మన చట్టము ననుసరించి గ్రంథకర్త మరణించిన మఱుసటి యేటి మొదలు అఱువది సంవత్సరములు హక్కు నిలుచును. 1965లో మరణించినవారి రచనలు 2026 జనవరి 1 నుండి మాత్రమే అందఱివి. పరిష్కర్తల హక్కు వేఱు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న బయలుదేఱి 1831 సెప్టెంబరు 3న ముగించిన కాశీయాత్రయొక్క చరిత్రము 1838లో అచ్చయినది. ఆ మూలము అందఱిది. దిగవల్లి వేంకట శివరావుగారు పరిష్కరించిన 1941 నాటి ప్రతిలోని పీఠికయు, అధోజ్ఞాపికలును ఆయనవి. ఒకే సంపుటములో రెండు హక్కు లుండుట విద్యార్థికి ఆశ్చర్యము గొల్పును. పీఠికలు వ్రాయు మనకును ఇది తెలిసియుండుట మంచిది.

విద్యార్థి హక్కును గూడ మఱువరాదు. వికీలో వ్రాసినదానిని వ్రాసినవారి పేరు చెప్పి ఎవ్వరైనను వాడుకొనవచ్చును. వెనుకకు తీసికొనుట కుదరదు. ప్రతి మార్పును చరిత్రలో నిలిచియుండును. కావున ఎవ్వరిని నిర్బంధింపరాదు. సొంతపేరు, ఫోను సంఖ్య వాడవలసిన పని లేదు, కలముపేరు చాలును. ప్రకటింప నిష్టపడనివారు అదే పుటను కాగితముపై దిద్ది సమానమైన మార్కులు పొందునట్లు చూడవలయును.

2022 చివరినుండి అందఱి చేతికి వచ్చిన వ్యాసరచన యంత్రముల మాట యేమి యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ‘ఒక గ్రంథమును గూర్చి వ్రాయుము’ అను పాతరీతి ప్రశ్నకు యంత్రము క్షణములో నిండుపుట నిచ్చును. అందలి గ్రంథనామము లున్నవో లేవో దానికి పట్టదు. పాతపుటను దిద్దుమన్నచో అరసున్నలను తీసివేసి, వాక్యములను నేటి వాడుకకు మార్చి, నున్నగా నిచ్చును. ఆ నునుపే దోషము. మూలచిత్రము ప్రక్కన నుండుటచే ఆ దోషము వెంటనే పట్టువడును. యంత్రమును నిషేధించుటకంటె, మూలముతో పోల్చిగాని దేనిని నమ్మని యలవాటును నేర్పుట మేలని నా తలంపు. ఆధారము చూపుమనెడి తరగతిలో యంత్రమైనను ఆధారము చూపవలసినదే.

మార్కుల విషయమున నేను పుటల లెక్కను చూచుట మానితిని. లెక్క చూచినంతకాలము తొందరపాటే పెరిగినది. ఇప్పుడు ప్రతి విద్యార్థియు ఎనిమిది పుటలు దిద్ది, తోటివారి ఎనిమిది పుటలు సరిచూచి, తాను తీసికొనిన నిర్ణయములలో ఐదింటికి కారణములు వ్రాసి యియ్యవలయును. మార్కులలో సగము ఆ కారణములకే. ఉపాధ్యాయుడు తానును కొన్ని పుటలు దిద్దవలయును. నేను దిద్దిన పుటలో రెండు థకారములు ధకారములుగా మిగిలియుండుటను మా విద్యార్థులు కనుగొనినారు. దానివలన నా గౌరవమునకు లోపము రాలేదు. వారి శ్రద్ధ మాత్రము పెరిగినది.

ఈ పద్ధతి వ్యాకరణబోధనమునకును, గ్రంథపఠనమునకును బదులు కాదు. అవి లేనిచో దిద్దుటకు చేతిలో కొలబద్ద యుండదు. అవి యున్నచోట ఇది వానికి వినియోగము కల్పించును. గతసంవత్సర మొక విద్యార్థిని దిద్దిన పుట వేసవి సెలవులవఱకు పసుపుగానే యుండెను. సెలవులలో నొకనాడు ఆమె ఫోనులో చూడగా అది ఆకుపచ్చయై యున్నది. సరిచూచినవారు మా కళాశాలవారు గారు, ఎచటివారో తెలియదు. ఆమె ముందు నాకు చెప్పినది ఆకుపచ్చ గుర్తును గూర్చి కాదు. మూడవ పంక్తిలో తాను విడిచిన యొక అరసున్నను వారు చేర్చినారని చెప్పినది. ఆమె వ్రాతకు రెండవ పాఠకుడు దొరికెను.